సూరతు రేవునుండి వ్యారా అడవుల దాక



ఈ ధర్మనిధిని నెలకొల్పిన కుటుంబమువారు తమ పితృపాదుల స్మృత్యర్థము ఏటేట ఒక ఉపన్యాసము జరుగవలెనని నిర్ణయించుచు, ఆయన పేరు మాత్రము కరపత్రములయందు గాని వేదికమీద గాని ప్రకటింపరాదని షరతు పెట్టిరి. కరీంనగరు జిల్లానుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి, సూరతులోని లింబాయత్ పేటలో సాంచెల, అనగా మరమగ్గముల, చప్పుడు నడుమ జీవితమంతయు గడపి, రాత్రిపాళీ లేని దినములలో ఇంటి వసారాలో తెలుగువారి ప్రార్థనకూటమి నడపిన ఆ పెద్దమనిషి బ్రదికియుండినను అట్లే కోరియుండునని వారి తలంపు. వక్తకు ఇందువలన స్తుతిపాఠము తప్పినది. విషయములోనికి నేరుగా పోవుటకు వీలుచిక్కినది.

నాకు నిర్దేశింపబడిన విషయము సువార్త చేరని జనుల నడుమ క్రైస్తవ మిషనుల పని. ఈ మాట చెవిని బడగానే మన మనస్సులో మెదలునది దూరము: దారిలేని కొండలు, లిపిలేని భాషలు, దొరలు గుఱ్ఱమెక్కియో కాలినడకనో పోయి చేరవలసిన పల్లెలు. ఈ లెక్క ప్రకారము సూరతు నగరముకంటె సువార్తకు దగ్గరగా నున్న ఊరు హిందూదేశమున మరి కొన్ని మాత్రమే యుండవలెను. నాలుగు వందల యేండ్లకు పైగా ఈ రేవునందు బైబిలు తెలిసిన మనుష్యులు దిగుచునేయున్నారు. ఐనను సువార్తను విని తమదిగా చేసికొన్నవారు రేవునొద్ద కొలదిమందియే. తాపీనది వెంబడి తూర్పుగా పోయి, ఏ నౌకయు చేరని వ్యారా, సోన్‌గఢ్ అడవులలో మాత్రము వేలకొలది. సామీప్యము వేరు, శ్రవణము వేరు అని ఈ ప్రాంతపు చరిత్ర మనకు బోధించుచున్నది. మిషను నివేదికలు చెప్పువాని పక్షమున వ్రాయబడినవి గావున, వినువాని పక్షమున ఒకసారి ఆ చరిత్రను చదివి చూచుటయే నేడు నా ఉద్దేశము.

1612లో సువాలీ రేవునొద్ద థామస్ బెస్టు అను కప్తాను పోర్చుగీసు నౌకలను ఓడించిన పిమ్మట, జహంగీరు పాదుషా అనుమతితో ఇంగ్లీషు కంపెనీవారు సూరతులో తమ వర్తకస్థానమును స్థిరపరచిరి. ఆ వర్తకులతోబాటు వారి ఆత్మల యోగక్షేమము విచారించుటకు చాప్లెనులును వచ్చిరి. సర్ థామస్ రో రాయబారికి చాప్లెనుగా నుండిన ఎడ్వర్డు టెర్రీ, స్వదేశమునకు మరలిపోయిన చాలకాలమునకు, 1655లో ప్రకటించిన యాత్రాగ్రంథమున ఒక అప్రియసత్యమును మరుగుపరచక వ్రాసెను. ఓడరేవుల చెంత నివసించు జనులు క్రైస్తవుల మతమును దయ్యముల మతమని చెప్పుకొనుచుండిరట. కారణమడుగగా, వారి త్రాగుడును, దౌర్జన్యమును, నోటి దురుసును చూపుచుండిరట. ఆ జనులు ఒక్క వేదవాక్యమైనను చదివియుండరు. వారు చదివినది నావికులను. సూరతులో తొలి సువార్తగ్రంథము అచ్చుపడుటకు రెండు వందల యేండ్లు ముందే ఈ జీవద్గ్రంథము వీధి వీధిని తెఱచియుండెను. దానిపై శ్రోతలు తమ తీర్పును చెప్పియుండిరి.

టెర్రీ తరువాత కొన్నేండ్లకు వచ్చిన హెన్రీ లార్డు అను చాప్లెను మరియొక విధమువాడు. బనియాల ఆచారములను, పారసీకుల ఆచారములను, వారిలో తెలిసినవారి నడిగి, దుబాసీల సాయముతో వ్రాసికొని, 1630లో లండనులో గ్రంథముగా ప్రకటించెను. పారసీల మతమునుగూర్చి ఇంగ్లీషువారు చదివిన తొలి వివరణలలో ఇది లెక్కింపదగినది. లార్డు వారి విశ్వాసములను ఖండించుటకే వ్రాసినాడనుట నిజమే. కాని ఖండించుటకైనను ముందు కూర్చుండి వినెను గదా. తరువాతి కాలమున ఈ రేవులో దిగిన అనేకులు ఆ మాత్రమైనను చేయలేదు.

ఇదే కాలమున ఫ్రాన్సునుండి వచ్చిన కాపుచిన్ సన్యాసులు సూరతులో ఒక చిన్న మఠము నిలిపియుండిరి. 1664 జనవరిలో శివాజీ సూరతును కొల్లగొట్టినప్పుడు, ఫాదర్ ఆంబ్రోజు నివసించిన ఆ మఠమును ముట్టుకొనలేదని, ఫిరంగి పాదిరీలు సత్పురుషులని చెప్పి విడిచిపెట్టెనని బెర్నియే అను ఫ్రెంచి యాత్రికుడు వ్రాసెను. ఆ వృత్తాంతములోనే మరియొక ముక్క గలదు. ప్రచారసాహిత్యమున దానిని ఉదాహరించుట అరుదు. దాతయని పేరుమోసి చనిపోయిన ఒక హిందూ దళారి ఇంటిని గూడ శివాజీ వదలిపెట్టెనట. కొల్లగొట్టవచ్చినవాడు మతమునుబట్టి గాక నడతనుబట్టి ఇండ్లను వేరుచేసినాడన్నమాట. పాదిరీల నడతను జనులు గుర్తించి గౌరవించిరి. ఐనను మతము పుచ్చుకొన్నవారు లేరనదగినంత తక్కువ. గౌరవము లభించినంత మాత్రమున హృదయము లభించునని తలంచువారు ఈ ఉదంతమును మననము చేయుట మంచిది.

మరియొక ఐదేండ్లకు, 1669లో, సూరతు బనియాలు తమ స్వభావమెట్టిదో లోకమునకు చూపిరి. నగరపు కాజీ తమవారిని బలవంతముగా ఇస్లాములోనికి కలుపుకొనుచున్నాడని ఆగ్రహించి, భీమ్‌జీ పారేఖు మొదలగువారి నాయకత్వమున ఎనిమిది వేలమంది నగరమును విడిచి భరూచికి తరలిపోయిరి. అంగళ్లు మూతపడినవి, హుండీలు నిలిచిపోయినవి, వర్తకమే ఊపిరిగా గల ఊరు కొంతకాలము స్తంభించినది. పాదుషా పక్షమునుండి అభయము దొరికిన తరువాతనే వారు తిరిగివచ్చిరి. కత్తికి బదులుగా తాళపుచెవిని ఎత్తిన ఈ సమాజము, మహాజనమని పిలువబడు తన కట్టుబాటులో ఎంత బిగువుగా నుండెనో దీనివలన తెలియుచున్నది. ఇట్టి కట్టుబాటులోని యువకుడొకడు ఒంటరిగా వెలువడి బాప్తిస్మము పొందుటయనగా, దేవుని మార్చుకొనుట మాత్రమే కాదు. పరపతిని, పెండ్లిసంబంధమును, తండ్రి పద్దుపుస్తకమును ఒక్క దినమున వదలుకొనుట.

క్రమబద్ధమైన ప్రొటెస్టెంటు మిషను సూరతుకు వచ్చినది పందొమ్మిదవ శతాబ్దిలోనే. అందును తొలి ప్రయత్నము కొంత విచిత్రముగా ముగిసినది. లండన్ మిషనరీ సొసైటీవారు 1804లో లవ్‌లెస్, డాక్టరు టేలరు అను నిరువురిని ప్రత్యేకించి సూరతుకొఱకే నియమించిరి. లవ్‌లెస్ మదరాసులో దిగి అక్కడనే స్థిరపడెను. వైద్యుడైన టేలరు కొంతకాలమునకు కంపెనీ కొలువులో చేరిపోయెను. అదే సొసైటీవారు, దాదాపు అదే సమయమున, క్రాను, డెగ్రాంజెసు అను మరి యిరువురిని తెలుగుదేశమునకు పంపగా, వారు 1805లో విశాఖపట్టణము చేరి, ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో సువార్తలను తెలుగుచేయ మొదలిడిరి. విశాఖపట్టణమునకు దొరికినంత త్వరగా సూరతుకు మిషనరీ దొరకలేదు. 1815లో జేమ్స్ స్కిన్నరు, విలియం ఫైవీ అనువారు వచ్చిన తరువాతనే పని నిలదొక్కుకొన్నది. వారిరువురు గుజరాతీ నేర్చి, అచ్చుకూటము పెట్టి, 1821లో క్రొత్త నిబంధనను, 1823లో పాత నిబంధనను గుజరాతీలో వెలువరించిరి.

1840లో ఐర్లండు ప్రెస్బిటీరియన్లు తమ జనరల్ అసెంబ్లీ ఏర్పడిన యేటనే గ్లాస్గో, కెర్ అను నిరువురిని కాఠియావాడకు పంపిరి. కెర్ మరుసటి యేడే రాజకోటలో మరణించెను. ఆ దశాబ్దము ముగియులోపల సూరతు మిషను లండనువారినుండి ఐరిషువారి చేతికి వచ్చెను. వారి బడులు, వారి అచ్చుకూటము, మాంట్‌గోమరీ కూర్చిన ఇంగ్లీషు-గుజరాతీ నిఘంటువు సూరతు విద్యావంతులకు చిరపరిచితములు. వీరిలో మనము ప్రత్యేకముగా స్మరింపదగినవాడు జోసఫ్ వాన్ సోమరన్ టేలరు. ఆయన పుట్టినది 1820లో, మన రాయలసీమ పొరుగుననే, బళ్ళారిలో. తెలుగు, కన్నడము చెవిని బడుచు పెరిగిన బిడ్డ, గుజరాతుకు వచ్చి, 1867లో గుజరాతీ భాషకు వ్యాకరణము వ్రాసి, గుజరాతీ వ్యాకరణమునకు పితామహుడనిపించుకొనెను. రెండు భాషల నడుమ పెరిగినవానికి మూడవ భాష నిర్మాణము కనబడుట సులభమేమో! బళ్ళారి పుట్టుకకు ఆ వ్యాకరణముతో సంబంధము గలదని నేను రుజువు చేయజాలను. తెలుగువాడనగుటచేత అట్లు నమ్మగోరుచున్నాను.

ఈ బడులు, గ్రంథములు, వీధిప్రసంగములు నగరమున ఏ ఫలము నిచ్చినవి? 1844లో దుర్గారామ మెహతా అను నాగర బ్రాహ్మణుడు, దాదోబా పాండురంగు మొదలగు మిత్రులతో గూడి, సూరతులో మానవధర్మసభను స్థాపించెను. దాదోబా అప్పటికే మరాఠీ వ్యాకరణకర్తగా ప్రసిద్ధుడు. ఆయన తమ్ముడు ఆత్మారాం తరువాత బొంబాయిలో ప్రార్థనాసమాజమును స్థాపించినవారిలో ముఖ్యుడు. ఈ సభవారు భూతవైద్యులను, మంత్రగాండ్రను బహిరంగముగా సవాలుచేసిరి; కులభేదములను, వితంతువుల దుఃస్థితిని చర్చించిరి; దేవుడొక్కడేయని, మనుష్యులందరికి ధర్మమొక్కటేయని వాదించిరి. పాదిరీల పద్ధతిని అంగీకరించిరి, పాదిరీల మతమును అంగీకరింపలేదు. మిషను లెక్కలలో ఇది వైఫల్యముగా కనబడును. నా దృష్టిలో ఇది నగరము ఇచ్చిన ప్రత్యుత్తరము. అందును మర్యాద గల ప్రత్యుత్తరము. బొంబాయిలో 1839లో ఇరువురు పారసీ విద్యార్థులు బాప్తిస్మము పొందగా న్యాయస్థానము దాక పోయిన కోలాహలముతో పోల్చినచో, సూరతువారు పాదిరీలకు ఇచ్చిన జవాబు తామే ఒక సభ పెట్టుకొనుట. తొమ్మిదేండ్లు తిరుగక మునుపే ఆ సభ అంతరించినను, నర్మదుని వంటి సంస్కర్త పెరిగిన నేలను సిద్ధపరచినది అదే.

ఇక తూర్పునకు పోదము. సూరతునుండి తాపీనది కెదురుగా పోవుకొలది పత్తిచేలు తరిగి టేకుచెట్లు మొదలగును. గామీతులు, చౌధరీలు, కోకణాలు, వసావాలు, మైదానమున దుబ్లాలు: వీరిని సూరతు నాగరికులు కాళీపరజ్, అనగా నల్లజనమని, ఎత్తిపొడుపుగా పిలిచెడివారు. దుబ్లాలు అనావిల బ్రాహ్మణుల భూములలో తరతరములుగా హాలీలై, పెండ్లికై తీసికొన్న అప్పునకు బ్రదుకంతయు ఊడిగము చేసినవారు. అడవి జనులను పారసీ సారావర్తకులు, షావుకార్లు కలిసి పీల్చివేసినారు. రేవునందలి సువార్త వీరి చెంతకు రెండున్నర శతాబ్దములు పోలేదు. 1894లో అమెరికానుండి విల్బర్ స్టోవరు, ఆయన భార్య మేరీ, బర్తా రయాన్ అను మువ్వురు బ్రెదరన్ సంఘపువారు బొంబాయిలో దిగి, అప్పటి సూరతు జిల్లాలోని బల్సారులో నివాసమేర్పరచుకొనిరి. ఆ తరువాత వారి పని అంకలేశ్వరమునకు, గాయక్వాడు రాజ్యములోని వ్యారాకు వ్యాపించెను.

ఐదేండ్లు గడువకమునుపే క్షామము వచ్చిపడినది. విక్రమశకము 1956లో వచ్చినందున గుజరాతు పల్లెలవారు నేటికిని దానిని ఛప్పనియో అని పిలుతురు. తల్లిదండ్రులు చనిపోయిన పిల్లలను బ్రెదరనువారు తమ అనాథశాలలలో చేర్చుకొనిరి. ఆ పిల్లలే పెద్దవారై తొలి సంఘములకు కుదుళ్లైరి. గంజికొఱకు మతము మారినారను నింద అప్పటినుండి నేటివరకు వినబడుచునేయున్నది. ఈ నిందను నేను తేలికగా త్రోసివేయను. ఆకలిగొన్నవాని యెదుట అన్నమును, గ్రంథమును ఒకే పళ్లెములో పెట్టినవాడు, తన శిష్యుని మనస్సును తానే ఎన్నటికిని తెలిసికొనలేడు. తెలుగుదేశమున ఒంగోలులో బాప్టిస్టు మిషనరీయగు క్లౌదొర ఈ చిక్కును గ్రహించెను. 1876-78 నాటి కరవులో బకింగుహాము కాలువ త్రవ్వకమునకు గుత్త తీసికొని వేలమందికి కూలి కల్పించెను. ఆ కరవు నడుచుచున్నంతకాలము బాప్తిస్మములను నిలిపివేసెను. కరవు తీరిన తరువాతనే 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మములు జరిగినవి. ఆ సంఖ్యను కీర్తించువారు అనేకులు. నాకు దానికి ముందున్న నిరాకరణమే గొప్పగా కనబడును.

ఒంగోలు ప్రస్తావన వచ్చినది గావున ఎఱ్ఱగుంట్ల పేరయ్యగారిని తలపక పోజాలను. మాదిగ కులమున పుట్టి, తోలువర్తకము చేయుచు, సువార్త వినక పూర్వమే వీరమ్మయను గురువునొద్ద రాజయోగము నభ్యసించి, విగ్రహములను విడిచి, ఏకేశ్వరుని వెదకుచుండిన మనిషి ఆయన. 1866లో పాదిరీలు వచ్చి ఆయనకు బాప్తిస్మమిచ్చిరని మిషను చరిత్ర. పేరయ్య నడచుచున్న త్రోవలో పాదిరీలు ఎదురుపడిరని చెప్పుట నిజమునకు మరింత దగ్గర.

సూరతు తూర్పు అడవులలో ఇట్టిదే ఒక జనసమూహమంతటికి జరిగినది. 1922 చివర, సముద్రతీరపు పల్లెలనుండి డాంగుల అడవుల మీదుగా ఒక దేవి వచ్చుచున్నదను వార్త చౌధరీ, గామీత్ పల్లెలకు ప్రాకెను. సలాబాయి యను పేరుగల ఆ దేవి పూనకము వచ్చినవారి నోట పలుకుచుండెను. సారాయి, కల్లు మానవలెను, మాంసము విడువవలెను, నిత్యము స్నానము చేయవలెను, పారసీ సారావర్తకుని కొలువునకు పోరాదు. జనులు వేలకొలదిగా కూడి, కుండలు పగులగొట్టి, కోళ్లను వదలివేసిరి. గాంధేయులు ఆలస్యముగా వచ్చి ఆ ఉద్యమమునకు రాట్నము చేర్చిరి. వేడ్చీలో జుగత్‌రామ్ దవే నడపిన ఆశ్రమము ఆ సంబంధమునుండియే పెరిగినది. డేవిడ్ హార్డిమన్ అను చరిత్రకారుడు ఈ ఉద్యమముపై 1987లో ఒక గ్రంథమును ప్రకటించెను; మిషనులో పనిచేయ దలచిన ప్రతి యువకుడును దానిని చదువవలెనని నా సలహా. ఏలయనగా, ఆ అడవిజనులు మారుటకు ఎవరికొఱకును కాచుకొని కూర్చుండలేదు. షావుకారు, సారాకొట్టు, ఎత్తిపొడుపు మాట, ఈ మూటినుండి బయటపడు దారిని వారే వెదకుచుండిరి. కొందరు దేవియందు, కొందరు ఖద్దరునందు, మరి కొందరు క్రీస్తునందు ఆ దారిని కనుగొనిరి. ఒకే కుటుంబములో మూడు దారులవారును ఉండుట కలదు. వీరిలో ఒక్కరు మాత్రమే సత్యమును విన్నారని, తక్కిన ఇరువురు చేరబడనివారని లెక్కకట్టు పట్టికలు నాకు చేదుగా తోచును. విశ్వాసము గలవాడనయ్యు, ఈ మాట చెప్పక తప్పదు.

తరువాతి కథ మీకు తెలియనిది కాదు. 1970 నవంబరులో నాగపురమున ఉత్తర భారత సంఘము ఏర్పడినప్పుడు ఐరిషువారి గుజరాతు సంఘములును, బ్రెదరనువారిలో అధికులును అందులో కలిసిరి. పాశ్చాత్య దొరలు తగ్గిపోగా తమిళనాటి స్వదేశ మిషనులవారు డాంగులకు, వ్యారాకు వచ్చిరి. 1998 క్రిస్‌మస్ దినములలో డాంగులలో ప్రార్థనామందిరములు దహింపబడినవి. మరుసటి జనవరిలో ప్రధాని వాజపేయిగారు అక్కడికి వచ్చి, మతమార్పిడులపై దేశమంతట చర్చ జరుగవలెననిరి. 2003లో గుజరాతు శాసనసభ ఆమోదించిన చట్టము ప్రకారము మతమార్పిడి జరిపించువాడు జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ముందుగా పొందవలెను. ఈ చట్టమును సమర్థించువారును, నిరసించువారును నా కొక విషయమున ఒకటిగా కనబడుదురు: మార్చువాడే కర్తయని, మారువాడు మట్టిముద్దయని ఇరుపక్షములును తలంచుచున్నవి. 1669 నాటి బనియాయును, 1922 నాటి చౌధరీయును ఈ తలంపునకు సాక్ష్యము చెప్పరు.

మన లింబాయత్‌కు వత్తము. సిరిసిల్ల, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వచ్చిన పద్మశాలీలు ఈ నగరమున తమ మార్కండేయుని గుడిని, తమ బతుకమ్మను నిలుపుకొన్నారు. నగరపాలకసంస్థవారు తెలుగు బడులను నడపుచున్నారు. వీరిలో సువార్త విన్నవారు కొందరు, వినినను ఒల్లనివారు అధికులు. ఇరుతెగలవారును ఒకే సందులో కాపురముండి, ఒకే నల్లా దగ్గర నీళ్లు పట్టుకొందురు. ఇక్కడి తెలుగు క్రైస్తవులు నన్నడుగు ప్రశ్న యేమనగా, మేము ఈ నగరమున ఎవరికి సువార్త చెప్పవలెను, ఏ భాషలో చెప్పవలెను అని. దీనికి నా జవాబు కొంత చుట్టుదారి. 1903లో నెల్లూరునుండి జాన్ రంగయ్యగారు తెలుగు బాప్టిస్టు హోంమిషను పక్షమున దక్షిణాఫ్రికాలోని నాటాలుకు పోయి, చెరకుతోటలలో ఒప్పందకూలీలైన తెలుగువారి నడుమ పనిచేసిరి. ఆయన వారికి కొత్త దేవుని పరిచయము చేయుటకు పూర్వము, సముద్రముమీద పోగొట్టుకొన్న భాషను తిరిగి వినిపించిరి. పని విడిచి వచ్చిన కూలివానికి తన ఊరి పలుకుబడిలో ఒకడు యోగక్షేమమడుగుట ఎట్టిదో, ఈ సభలో సాంచెలమీద నిలిచి పనిచేసినవారికి నేను వివరింపనక్కరలేదు. అట్టి పలకరింపునకు తరువాతి మాట చెప్పవలసినది పలకరింపబడినవాడు. అతడు చెప్పకపోయినను పలకరింపు వ్యర్థము కాదు.

నిర్వాహకులకు ఒక విన్నపము. ఈ నిధిపై వచ్చు వడ్డీ స్వల్పమని ఎఱుగుదును. ఐనను, వచ్చే యేటి ఉపన్యాసమునకు నావంటి గ్రంథపాఠకుని పిలువక, వ్యారా ప్రాంతపు గామీత్ వృద్ధుని నొకనిని పిలువవలెను. తన తాతముత్తాతలు దేవిని విన్నదియు, పాదిరీని విన్నదియు, వినక త్రోసివేసినదియు అతడు గామీత్ భాషలోనే చెప్పవలెను. దానిని తెలుగుచేయుటకగు ఖర్చును, అచ్చువేయుటకగు ఖర్చును నిధియే భరింపవలెను. అందుకు చాలనిచో, నాకు ఈనాడు ఇచ్చుటకు నిశ్చయించిన సంభావనను ఆ పద్దుకు మార్చుకొనుడు.